అత్త అరికాలు, నా బి కణాలు

నేను శామీర్‌పేట దగ్గర ఒక ల్యాబ్‌లో పని చేస్తాను. చర్మ క్యాన్సర్ గడ్డల నుంచి కోసిన పలుచని ముక్కల్ని మైక్రోస్కోపులో చూసి, జబ్బులతో పోరాడే తెల్లకణాల్లో ఒక రకమైన బి కణాలు ఎక్కడెక్కడ చేరాయో గుర్తించడం నా పని. రోజంతా అదే చూస్తే, ఇంటికొచ్చాక గోడ మీది మరక కూడా అనుమానంగానే కనిపిస్తుంది.

ఒక ఆదివారం అత్వెల్లిలో మా మేనత్త ఇంటికి వెళ్లాను. కాళ్లు చాపుకుని చిక్కుడుకాయలు తుంచుతోంది. అరికాలి మీద నల్లటి మచ్చ, అంచులు వంకరటింకరగా! చర్మ క్యాన్సర్ అరికాలికీ వస్తుందని తెలిసినదాన్ని కదా, గబుక్కున పక్కన కూర్చున్నాను.

"అత్తా, ఇది ఎప్పటిసంది ఉన్నది?"

"ఏమో బిడ్డా, కాలు కింద ఎవలు సూస్కుంటరు?"

ఉన్నపళంగా ఆటో ఎక్కించాను. మేడ్చల్ ఆసుపత్రి దాకా ధైర్యం చెబుతూనే ఉన్నాను. ఒంట్లో బి కణాలుంటాయనీ, అవి గడ్డ దగ్గర గుంపుగా చేరితే చాలాసార్లు మందు బాగా పనిచేస్తుందనీ అన్నాను. కొన్ని మాత్రం గడ్డకే సాయపడతాయని నోరు జారాను.

"అంటే మా వార్డు మెంబర్ లెక్కనా?" అంది. ఆటో అతను పగలబడి నవ్వాడు.

డాక్టరమ్మ దూదికి స్పిరిట్ అద్ది రుద్దింది. మచ్చ పోలేదు. నాకు ఏడుపొచ్చేసింది. ఆమె దూది వాసన చూసి, కొబ్బరినూనె తెప్పించి మళ్లీ రుద్దింది. మచ్చ మొత్తం దూదికి అంటుకుని వచ్చేసింది.

"మీ ఇంటి ముందు తారు రోడ్డు వేశారా?"

"నిన్ననే ఏసిండ్రు. డాంబర్ గట్టివడ్డదా లేదా అని కాలు వెట్టి సూసిన."

నాకు తలెత్తడానికి ముఖం చెల్లలేదు. అత్తకు మాత్రం వేరే బెంగ. "మరి నా బి కణాలు ఊకెనే పరేషాన్ అయినయా?"

డాక్టరమ్మ నవ్వు ఆపుకుని, అరికాళ్లు చూసుకోవడం మంచి అలవాటేననీ, పెరిగే మచ్చ కనిపిస్తే రమ్మనీ చెప్పింది.

మరుసటి ఆదివారం వెళ్లేసరికి అరుగు మీద ఐదుగురు ఆడవాళ్లు కాళ్లు కడుక్కుని వరసగా కూర్చున్నారు.

"మా కోడలు సూస్తది, జల్దీ సాపుండ్రి!" అంది అత్త.

నేను డాక్టర్ని కాదంటే ఎవరూ వినలేదు. పది అరికాళ్లూ శ్రద్ధగా చూశాను. ఒకామె మడమలో విరిగిన తుమ్మముల్లు దొరికితే పిన్నీసుతో తీశాను. ఆ ఒక్క ముల్లుతో వాడకట్టంతా వచ్చిన పేరు, ఇన్నేళ్లుగా చూస్తున్న బి కణాలతో నాకు ఎన్నడూ రాలేదు.