నేను పగలగొట్టనివ్వని గాజులు

నా మరదలి కుడిచెయ్యి రోకలి దెబ్బకు పాడైపోయిందని నర్సీపట్నంలో అందరూ అనుకున్నారు. అనుకోనిచ్చాను. ఆ రోకలి వేసిందీ నేనే, కాదనను. కాని దెబ్బ ఒక్కటే అయితే ఆ చెయ్యి బతికేదే. బతకనివ్వనిది నా నోరు.

మన్యంలో పితూరీ అణిగి, ఊళ్ళో దిగిన పోలీసులంతా తిరిగి వెళ్ళిపోయిన మరుసటి ఏడాది సంగతి. నా తమ్ముడు రంగూన్‌లో బియ్యం మిల్లు గుమాస్తా. ఇంట్లో నేనూ, వాడి భార్యా ఇద్దరమే ఉండేవాళ్ళం. నాకు ముప్ఫయ్యేళ్ళు, దానికి పంతొమ్మిది. పద్నాలుగో ఏటే మొగుడు పోయి పుట్టింటికి చేరినదాన్ని నేను. పెత్తనమంతా నాదే. అదేమో “వదినగారూ, వదినగారూ” అంటూ నా వెనకాలే తిరిగేది. తమ్ముడికి ఉత్తరాలు రాసేదీ అదే. అక్షరం ముక్క రాని నాకు రెండేళ్ళు ఓపిగ్గా కూచుని రాయడం, చదవడం నేర్పింది. అంత మంచి పిల్ల.

ఆ వేళ గురువారం. సాయంత్రం వడ్లు దంచుతున్నాం. నేను రోకలి వేస్తుంటే, పోటుకూ పోటుకూ మధ్య అది రోట్లో చెయ్యి పెట్టి గింజలు ఎగదోస్తోంది. రోజూ చేసే పనే. కాని ఆ రోజు నాకు దాని మీద ఒళ్ళు మంటగా ఉంది. పాయకరావుపేట నుంచి వచ్చిన గాజులవాడి చేత, నన్నడక్కుండా రెండు చేతులకూ డజనేసి ఎర్రగాజులు వేయించుకుంది. సన్నటి చెయ్యి కదా, సబ్బు రాసి మరీ బిగువైనవి ఎక్కించాడు. “మొగుడు ఊళ్ళో లేకుండా ఈ సింగారం ఎవలికోసమే?” అని దులుపుతున్నాను. ఆ దులిపే ఊపులో పోటు తప్పాను. రోకలి చివరి ఇనప పొన్ను తిన్నగా వెళ్ళి దాని చేతి మీద పడింది.

పసుపూ సున్నమూ కలిపి పట్టు వేశాను. తెల్లారేసరికి చెయ్యి బూరెలా పొంగింది. సర్కారు ఆసుపత్రికి తీసుకెళ్ళాను. డాక్టరు వేళ్ళన్నీ ఒక్కొక్కటీ నొక్కి చూశాడు.

“రెండు ఎముకలు చిట్లాయమ్మా. అవి అతుక్కుంటాయి, నాకు వాటి బెంగ లేదు. వాపు మణికట్టు దాటి పైకి పాకుతోంది. ఈ గాజులు ఉరి బిగుసుకున్నట్టు బిగుసుకుంటున్నాయి. నెత్తురు వేళ్ళదాకా పోవాలంటే ఇప్పుడే తీసెయ్యాలి.”

“తీసీండి బాబూ,” అన్నాను.

సబ్బు నురగతో చూశారు, ఆముదం రాసి చూశారు. ఒక్కటీ కదలలేదు. ఆయన గాజుల కింద బట్ట దూర్చి, పట్టకారు అందుకున్నాడు. అప్పుడర్థమైంది నాకు. వెళ్ళి ఆయన చేతికి అడ్డం పడ్డాను.

“పగలగొట్టీస్తారేటండీ? శుక్రవారం పూట, మొగుడు సముద్రం అవతల ఉండగానా? రేపు మా తమ్ముడికేటైనా అయితే మీరొచ్చి ఆర్సుతారా, తీర్సుతారా?”

మరదలు నా చీర కుచ్చెళ్ళు పట్టుకుంది. “కొట్టీనీండి వదినగారూ. వేళ్ళు తిమ్మిరెక్కిపోతన్నాయి. ఎడం సేతికి నిండా ఉన్నాయి కదా, ఏటీ కాదు.”

“నోరు ముయ్యి. నీకేటి తెలుసు?” అన్నాను.

నాకు తెలుసు మరి. పద్నాలుగేళ్ళప్పుడు, మొగుడు పోయిన పదోరోజున నా చేతులు రెండూ పట్టుకుని గాజులు చిదిమారు. ఆ చప్పుడు ఇంకోసారి వినలేననుకున్నాను. ఇన్నేళ్ళూ నాకు నేను ఈ మాటే చెప్పుకున్నాను, భయం వల్ల అలా చేశానని. భయం నిజమే. కాని నన్నడక్కుండా వేయించుకున్న గాజులు నేనంటే తప్ప తీయకూడదన్న పొగరు కూడా అందులో ఉంది. ఇప్పుడైనా ఒప్పుకోవాలి.

డాక్టరు ఎంత చెప్పినా నేను వినలేదు. ఇంటి పెద్ద వద్దంటుంటే తాను ముట్టుకోలేనన్నాడు. చెయ్యి ఎత్తి పెట్టి ఉంచమనీ, వేళ్ళు చల్లబడినా రంగు మారినా ఆ క్షణమే పరిగెత్తుకు రమ్మనీ పదిసార్లు చెప్పాడు. పొద్దు వాలకముందే వేళ్ళు చల్లబడ్డాయి. “వదినగారూ, ముట్టుకుని సూడండి,” అంది మరదలు. ముట్టుకున్నాను. చెంబులో నీళ్ళంత చల్లగా ఉన్నాయి. “ఈ ఒక్క పూటా ఓర్సుకో, శనివారం బేగి లెగిసి పోదాం,” అన్నాను. అది ఏడవలేదు, గోడవైపు తిరిగి పడుకుంది.

శనివారం పొద్దున డాక్టరు నన్నడక్కుండానే పట్టకారు అందుకున్నాడు. పన్నెండు గాజులూ చకచకా విరిచేశాడు. అర నిమిషం పని. వాటి కింద చర్మం గాట్లు పడి ఉంది. మత్తు ఇచ్చి చేతి మీదా, మణికట్టు పైనా నిలువునా కోసి, లోపల బిగిసిన వాపును వదిలించాడు. నెత్తురు మళ్ళీ పారి మూడు వేళ్ళు నిలిచాయి. చిటికెన వేలూ, ఉంగరపు వేలూ నల్లబడిపోయాయి. నాలుగు రోజులకు వాటిని మొదలంటా తీసేశాడు.

చెక్క కట్టు విప్పాక అసలు పని మొదలైంది. రోజుకు మూడుసార్లు వేడి ఉప్పునీళ్ళలో చెయ్యి నానబెట్టాలి, మిగిలిన వేళ్ళు ఒక్కొక్కటే వంచాలి, గుడ్డ ఉండ పిసికించాలి. బొటనవేలూ చూపుడువేలూ కలిస్తే సగం పనులు చేసుకోగలదని డాక్టరు ఆశపెట్టాడు. ఒక్క పూట మానలేదు నేను. నొప్పికి దాని కళ్ళు కారిపోయేవి, నేను వంచుతూనే ఉండేదాన్ని. రెండు వేళ్ళ మధ్య చిక్కుడు గింజంత సందు మిగిలింది. ఎన్ని నెలలు చేసినా ఆ సందు పూడలేదు.

తమ్ముడికి ఉత్తరం రాయాల్సి వచ్చింది. అది చెబుతుంటే నేను రాశాను.

“దంచుతుంటే రోకలి తగిలిందని రాయండి. గాజులు తియ్యడం ఒక పూట ఆలీసం అయ్యిందని రాయండి. ఎవలొద్దన్నారో రాయకండి,” అంది.

నన్ను కాపాడింది, చూశారా. నేనేం చేశాను? ఎవరొద్దన్నారని వాడు తిరిగి అడుగుతాడని హడలిపోయాను. “నీ క్షేమం కోసం గాజులు పగలగొట్టనివ్వనని నీ భార్యే పట్టుబట్టింది” అని రాశాను. దానికి మాత్రం అది చెప్పినట్టే చదివి వినిపించి, కవరు అంటించేశాను. అది నేర్పిన అక్షరాలతోనే.

నెల దాటాక జవాబు వచ్చింది. ఎడంచేత్తో పట్టుకుని పైకి చదవడం మొదలుపెట్టింది. “నా ప్రాణం కోసం నీ చెయ్యి ఇచ్చుకున్నావు. నీలాంటి ఇల్లాలు ఎవరికి దొరుకుతుంది...” అంతటితో ఆగిపోయింది. మిగతాది మనసులో చదువుకుంది. ఉత్తరం మడిచింది.

“అలా రాసీసినారా వదినగారూ?” అంది.

కోపంగా అననైనా అనలేదు. తప్పయిందే తల్లీ అని కాళ్ళు పట్టుకోవాల్సింది. బియ్యం చేట అందుకుని వంటింట్లోకి పోయాను.

మర్నాడు పొద్దున అది గుమ్మంలో కూచుని, దువ్వెన ఎడంచేత్తో పట్టుకుని, ఒక పాయ పళ్ళతో బిగించి జడ అల్లుకుంటోంది. చెయ్యి పోయిన దగ్గర్నుంచీ దాని తల నేనే దువ్వేదాన్ని. అల్లిన పాయ జారిపోతోంది, మళ్ళీ మొదలుపెడుతోంది.

“ఇలా తే, నేనేస్తాను,” అన్నాను.

“వద్దండి,” అంది. “నేర్సుకుంటాను.”