బ్రాకెట్లలో ఒక నటి పేరు

2012లో ఇంగ్లండ్‌లో, కోవెంట్రీలోని ఒక ఫిల్మ్ ఆర్కైవ్‌లో, అంటే పాత సినిమాలు భద్రపరిచే చోట, నన్ను సేకరణ అధికారిగా వేశారు. హోదాలో సేకరణ మొత్తానికీ పెద్దయిన క్యూరేటర్ తర్వాత నేనే. పని మాత్రం బేరమే: జనం అటకల మీద పడేసిన పాత రీళ్లను పైసా ఇవ్వకుండా రాబట్టాలి. తెనాలి బజారులో మా ఇంటి మగాళ్లందరూ కొట్లవాళ్లే గనక ఈ విద్య నాకెవరూ నేర్పనక్కర్లేదనుకున్నాను.

మొదటి కేసు కార్డిఫ్‌లో. మిచికో గారని, ఊరి కౌన్సిల్ అద్దెకిచ్చిన ఫ్లాట్‌లో ఒంటరిగా ఉండే ఎనభై దాటిన జపాన్ ఆవిడ. వాళ్లమ్మ మూకీల తొలిరోజుల నటి. అప్పటిదాకా జపాన్‌లో తెరమీద ఆడవేషాలు మగవాళ్లే వేసేవారట. ఆడవాళ్లను తీసుకోవడం మొదలుపెట్టాక కూడా, ఆడదానిలా ఎలా నడవాలో ఈమెకు నేర్పింది ఓ మగనటుడే. కొన్ని సినిమాలు చేసి, పెళ్లయ్యాక మానేసింది. అవన్నీ భూకంపంలో, యుద్ధంలో పోగా మిగిలింది ఒక్క రీలు.

ఆ కాలపు నైట్రేట్ ఫిల్మ్ ఇట్టే అంటుకుంటుంది. ఇంట్లో ఆడించకూడదు, పోస్టులో పంపకూడదు. ఏళ్లు గడిచేకొద్దీ జిగురై, చివరికి పొడైపోతుంది. ఆవిడ డబ్బా మూత తీస్తే ఘాటు వాసన కొట్టింది. దానపత్రం మీద సంతకం పడితేగాని మేం కాపీ తీయం. ఆవిడదీ ఒకటే షరతు: కేటలాగ్‌లో అమ్మ పేరు బ్రాకెట్లు లేకుండా పడాలి. సినిమాలో పేర్లు లేనప్పుడు, రుజువు లేని పేరును మేం చదరపు బ్రాకెట్లలో వేస్తాం. 'వాళ్లంటున్నారు, మాకు తెలియదు' అని దానర్థం.

"మీ అమ్మ పేరైతే బ్రాకెట్లలో పెట్టనిస్తారా?" అంది.

"మా అమ్మ పేరు రేషన్ కార్డులోనే తప్పు పడిందండీ. ఎవరూ పట్టించుకోలేదు" అన్నాను. నవ్వింది, టీ పోసింది, సంతకం మాత్రం పెట్టలేదు.

రీల్లో ఉన్నది మగనటుడే కావచ్చని మా క్యూరేటర్ పట్టు. ఆగితే మిచికో గారే దిగొస్తారంది. ఆవిడ దిగొచ్చేసరికి రీలుండదని నేనన్నాను. రైళ్లలో అటూ ఇటూ తిరుగుతూ నెలలు గడిచాయి. "రెండు వైపులా మీరే బేరమాడుతున్నారు, కమీషన్ ఎవరిస్తారండీ?" అని ఇంట్లో మా ఆవిడ ఎత్తిపొడుపు.

చలికాలానికి క్యూరేటర్ మెత్తబడింది. కూతురి మాటనే రుజువుగా తీసుకుని బ్రాకెట్లు తీసేస్తామంది. సంతకం పడింది. అప్పటికి సగం రీలు జిగురైపోయింది, ల్యాబ్‌వాళ్లు కొన్ని నిమిషాలే కాపాడగలిగారు.

మిచికో గారిని కోవెంట్రీ రప్పించి ఆ కాపీ చూపించాం. దూరంగా ఓ వంతెన. దానిమీద లాంతరు పట్టుకుని నడిచివస్తున్న స్త్రీ, ముఖం నిండా తెల్లరంగు, తలకు విగ్గు. ఆవిడ మళ్లీ వేయమంది. మూడోసారీ చూసింది.

"ఇది మా అమ్మో, నడక నేర్పినాయనో నాకు తెలియడం లేదు. ఆ వయసులో అమ్మను నేనెక్కడ చూశాను?"

పేరు ఖాయమైపోయింది, ఇక మీరేమీ చెప్పనక్కర్లేదని తొందరపడ్డాను.

"గెలిచిన బేరం వదులుకోలేకపోతున్నారు" అంది నావైపు తిరిగి. "బ్రాకెట్లు పెట్టండి. పక్కనే ఆయన పేరూ వేయండి. చూపించినందుకు థాంక్స్."

ఆ రీలు కేటలాగ్‌లో రెండు పేర్లతో, రెండు జతల బ్రాకెట్లతో చేరింది. ఆ నెలలన్నీ నేను ఆవిడ అడిగినదాని మీదే బేరమాడాను. డబ్బాలో ఉన్నది ఆవిడ ఒక్కసారైనా చూసిందా అని అడగనేలేదు. ఆ తర్వాత రిటైరయ్యేదాకా ఏ దాత ఇంటికెళ్లినా నా మొదటి ప్రశ్న అదే. చూడనివాళ్లకు ముందు కాపీ తీసి చూపించి, ఆపైనే సంతకం అడగాలని ఆఫీసులో రూలు మార్పించాను. దానికీ ఇంకో ఏడాది బేరం పట్టింది.