ధూప్ అంటే ధూపం కాదు

నిన్న, మోవాలో ఇప్పుడు మేముంటున్న ఇంటి కింది వాటా వాళ్ళు సాంబ్రాణి వేశారు. ఆ వాసన మెట్లెక్కి మా వంటింట్లోకి రాగానే నాకు నవ్వు ఆగలేదు. పిల్లలు వింతగా చూశారు. వాళ్ళకు విజయత్త తెలియదు కదా!

ఛత్తీస్‌గఢ్ కొత్తగా రాష్ట్రమైన రోజులవి. గుఢియారీ దగ్గర రైల్వే క్వార్టర్లలో ఉండేవాళ్ళం. అమ్మ చెంప మీది పుట్టుమచ్చ పెరిగి పెరిగి మెలనోమా అని తేలింది. చర్మానికొచ్చే క్యాన్సర్లలో మొండిది. ఆపరేషన్ చేసి తీసేశారు, అమ్మ బతికి బయటపడింది. ఇంటికి పంపేటప్పుడు డాక్టరు "బచ్చీ కో ధూప్ సే బచానా" అన్నాడు, పాపను ఎండ నుంచి కాపాడమని. నాన్న డ్యూటీలో ఉన్నాడు. ఆ మాట విన్నది విజయనగరం నుంచి అప్పుడే వచ్చిన మా నాన్నమ్మ. ఆవిడకు అది ధూపమనే వినపడింది. ఇంట్లో సాంబ్రాణి బందు. తలంటాక జుట్టు ఆరబెట్టడానికి ఆ పొగ లేదు కాబట్టి ప్రతి ఆదివారం నన్ను తీసుకెళ్ళి ఎండలో కూర్చోబెట్టేది!

పక్క క్వార్టర్లో ఉండే విజయత్త మా బళ్ళో ఆటల టీచరు. గొంతు విప్పిందంటే వీధి చివరికి వినపడాల్సిందే. ఒక ఆదివారం నన్ను చూసి ఆగింది.

"ఏటి పిన్నిగారూ, పిల్లని వడియాల్లా ఎండేసేరు?"

"మరేటి సేయమంటావమ్మా? ధూపం ఒద్దన్నాడు గదా డాక్టరు!"

"ఆయన ఏ మాటన్నాడో అదే సెప్పండి."

నాన్నమ్మ చెప్పింది. అత్త మెట్టు మీద కూలబడి పడీపడీ నవ్వింది. ఆసుపత్రి నుంచి వచ్చాక మొదటిసారి అమ్మ కూడా, కుట్లు పడిన చెంప చేత్తో పట్టుకుని నవ్వింది.

ఆ నవ్వు సాయంత్రం దాకా నిలవలేదు. ఇన్నాళ్ళూ నన్ను ఎండలో పెట్టామే అని అమ్మకు భయం పట్టుకుంది. కిటికీలు మూసేసింది, నా ఖోఖో మాన్పించింది. నాకు ఖోఖో అంటే ప్రాణం. అన్నం మానేసి కూర్చున్నాను.

అత్త వచ్చింది. "తల్లికి వస్తే పిల్లలికీ వచ్చే వీలు కాస్త ఎక్కువట వదినా, నిజమే. అందికే ఎండ తగలనీయొద్దన్నారు. పిల్లని దాచేయమన్లేదు."

"నా చెంప చూసి మాట్లాడు విజయా."

"చూసే మాటాడతన్నాను. ఎండెక్కక ముందో, సాయంత్రమో ఆడిస్తాను. నిండు చేతుల చొక్కా, వెడల్పు టోపీ, మొహానికి క్రీము. నాకొదిలేయ్."

మొదటి రోజే పిల్లలు నన్ను "దుల్హన్, దుల్హన్" అని ఏడిపించారు. పెళ్ళికూతురిలా ముసుగేసుకున్నానని. అత్త ఎవర్నీ తిట్టలేదు. మర్నాటి నుంచి టీమంతటికీ అవే చొక్కాలు, అవే టోపీలు.

అసలు పరీక్ష ఖోఖో పోటీల ఫైనల్ రోజు వచ్చింది. పొద్దున మొదలవ్వాల్సిన ఆట వెనక్కి జరుగుతూ జరుగుతూ మిట్టమధ్యాహ్నానికి పడింది. సాయంత్రానికి మార్చమని అత్త అడిగింది, నిర్వాహకులు కుదరదన్నారు. "అయితే నా పిల్లలు దిగరు" అని అత్త మమ్మల్ని షామియానా కింద కూర్చోబెట్టింది. ఆడకుండానే ఓడిపోయాం. నేను వెక్కివెక్కి ఏడ్చాను. "ఏడు. ఏడ్చేక నీళ్ళు తాగు. వచ్చే ఏడు ఆడదాం" అంది.

ఆ సంగతి విన్న అమ్మ ఆ సాయంత్రమే మా ఇంటి కిటికీలన్నీ తెరిచింది. "దీన్ని నువ్వే ఆడించు విజయా, నేనింక అడ్డురాను" అంది. ఆ మాటతో నాకు నా బాల్యం దక్కింది. ఆ రుణం ఎంత పెద్దదో పిల్లల తల్లినయ్యాక తెలిసింది.

విజయత్త ఇప్పుడు లేదు. కానీ నా పిల్లల్ని గదిలో పెట్టి పెంచాలన్న ఆలోచన నాకెప్పుడూ రాలేదు, ఎండకు వదిలేయాలనీ అనిపించలేదు. మా అమ్మాయిని మిట్టమధ్యాహ్నం ఎండలో ఆడించొద్దని నేను రాసిన చీటీ చూసి, పోయిన వారం దాని బడి నుంచి ఆటల సారు ఫోన్ చేశాడు. "మధ్యాహ్నం పీరియడ్లో మీ పాపకు మాత్రం మినహాయింపు ఇస్తాం మేడం" అన్నాడు. ఎంతో మర్యాదగానే అన్నాడు. మా పాప ఒక్కతే గోడవారన కూర్చుని మిగతావాళ్ళ ఆట చూడటం నా కళ్ళ ముందు మెదిలింది.

"మినహాయింపు వద్దండీ, పీరియడ్ మార్చండి" అన్నాను. గొంతు కాస్త పెద్దదే అయింది.

సోమవారం నుంచి ఆ బళ్ళో పిల్లలందరూ సాయంత్రమే ఆడుతున్నారు.