మా పిచ్ మీదుగా రోడ్డు

పనికోసం వచ్చిన ఈ ఎడారి దేశంలో, మేముండే రిగ్గై పేటలో సెలవురోజైన శుక్రవారాలు మేం క్రికెట్ ఆడుకునే ఖాళీ స్థలాన్ని రోడ్డు వెడల్పు చేయడానికి ఇచ్చేశారు. ఈ ఉదయం బ్యాట్లతో వెళ్తే చుట్టూ కంచె, లోపల రోడ్డు రోలర్! ఒళ్లు మండింది. వారం వారం క్యాన్లతో నీళ్లు మోసి, ఇసుక నేలను తడిపి తొక్కి పిచ్ చేసుకున్నాం మరి.

అక్కడున్న ఫోర్‌మన్ మన కడపాయన.

"ఈ నడిమి ముక్క ఎవరు తొక్కినారో గానీ అన్నా, రాయి మాదిరి ఉండాది. రోలర్ ఎక్కించినా రవ్వంత దిగల్యా!"

"మేమే!" అని టీమంతా ఒక్కసారే అరిచాం. కోపం ఎటు పోయిందో తెలీదు. గేటు బయటే నిలబడి ఫొటో కూడా దిగాం.

రేపు ఆ రోడ్డు మీద మీ కారు ఎక్కడ కుదపదో, అదే మా పిచ్. అన్నట్టు, ఇక్కడే అబ్బాసియా పేట వైపు ఖాళీ స్థలం ఏదైనా ఉంటే కామెంట్లో చెప్పండి. తొక్కడానికి మేం రెడీ.