పాట ఎత్తెయ్

వల్లూరులో మా హైస్కూలు కిటికీలోంచి చూస్తే ఒకప్పుడు శెనక్కాయ చేన్లు కనబడేవి. ఇప్పుడు కనుచూపు మేరా సోలార్ పలకలే. ఎంత గాలి వీచినా అక్కడ కదిలేదంటూ ఏమీ ఉండదు.

ఆ రోజు మా స్కూల్లో రోబో పోటీలు. సైన్సు మిస్సును కాబట్టి హాలు ఏర్పాట్లన్నీ నా నెత్తినే పడ్డాయి. నాగలమడిక నుంచి వచ్చిన సౌండ్ సెట్టాయన జాతరలకూ భజనలకూ మోగించే మనిషి. "పాట మోగతా ఉన్నా పక్కపక్కన నిలబడినోళ్లు అరవకుండా మాట్లాడుకోవాల. అంతకు మించితే ఒప్పుకోను" అని పొద్దున్నే చెప్పాను.

"ఏంది మిస్, ఈ మాత్రానికి నన్నెందుకు పిలిపిచ్చినారు? రేడియో పెట్టుకుంటే సాలదా?"

"పిల్లోళ్ల చెవులప్పా అవి, తప్పెట్లు కాదు" అని కసిరాను. నవ్వి, తగ్గించాడు.

తొమ్మిదో తరగతి పిల్ల ఒకతె సోలార్ పలకలు తుడిచే రోబో చేసింది. వాళ్లమ్మ సోలార్ పార్కులో చేసేది ఆ పనే. ప్లగ్గు అందాలని ఆ పిల్ల బల్లను నేనే సౌండ్ బాక్సు పక్కకు జరిపించాను. నా బుద్ధి గడ్డి తిన్నది.

ఆమె వంతు వచ్చింది. మార్కులు వేసేవాళ్లకు ఆమె మాట వినబడాలి కదా, అసలు పాటే వద్దనిపించింది. హాలు ఈ చివర నుంచి కేకేశాను.

"పాట ఎత్తెయ్!"

మా వైపు ఎత్తెయ్ అంటే తీసెయ్ అని. తట్టలు ఎత్తెయ్, చాపలు ఎత్తెయ్ అంటాం. భజన మనిషికి మాత్రం పాట ఎత్తడమంటే గొంతు పెంచడమే. పొద్దుట్నుంచీ ఆ మాట కోసమే కాచుకున్నాడేమో, ఉన్నంతా పెంచేశాడు.

రేకుల కప్పు వణికింది. నా పళ్లు జివ్వుమన్నాయి. పిల్లలు ఎగరడం మొదలుపెట్టారు. "తగ్గించు!" అని అరిస్తే నా గొంతు నాకే వినబడలేదు. వాళ్లను తోసుకుంటూ అటు చేరి సౌండ్ బాక్సు ప్లగ్గు పీకేశాను.

హాలంతా ఒక్కసారిగా సద్దుమణిగింది. రోబో మాత్రం పలక తుడుస్తూనే ఉంది. ఆ పిల్ల నావైపు తిరిగి గట్టిగా అరిచింది.

"మిస్, పాట ఆపమని చెప్పండి!"

అందరూ పకపకా నవ్వారు.

"ఆపేస్తి కదే" అన్నాను.

ఆమె నా పెదవులకేసి చూసింది. "ఏంది మిస్?"

ఆ పిల్లకు వినబడడం లేదు. "మీరే కదా మిస్ ఎత్తమంటిరి" అని సౌండ్ ఆయన గొణుగుతున్నాడు.

ఆ పిల్లను స్కూటీ మీద పావగడ ఆసుపత్రికి తీసుకెళ్లాను. రెండు మూడు రోజుల్లో వినికిడి రావచ్చు, రాకపోతే పెద్దాసుపత్రికి వెళ్లాలన్నాడు డాక్టరు. వాళ్లమ్మ పని బట్టలతోనే పరుగెత్తుకొచ్చింది. "మీరుంటారని కదా మిస్ పంపిస్తి" అంది, అంతే. నాలుగు తిట్టినా బాగుండేది.

మూడో రోజు ఆ పిల్ల బడికి వచ్చింది. వెనకగా నిలబడి మెల్లగా పేరు పెట్టి పిలిచాను. "ఆఁ మిస్" అని తిరిగింది. నాకు కళ్ల నీళ్లు ఆగలేదు.

"అంతా వినిపిస్తాంది మిస్. చెవుల్లో కుయ్యిమనే కూత మాత్రం పోలేదు. మీరు మాట్లాడేటప్పుడు ఉండదు. మీరు నిలిపేస్తే మొదలవుతాది."

రాతపనిచ్చి, చేసుకోండని కూర్చునే అలవాటు నాకుండేది. ఇప్పుడు ఆ తరగతిలో గొంతు బొంగురుపోయినా ఏదో ఒకటి చెబుతూనే ఉంటాను. నీళ్లు తాగడానికి ఆగానంటే, ముందు బెంచీలో ఆ పిల్ల తల మెల్లగా ఒక పక్కకు వాలుతుంది.