అక్క కుట్టిన మొదటి జాకెట్టు

మొన్న పేపర్లో జైల్లో ఉన్నవాళ్ళు డిగ్రీ పాసయ్యారన్న వార్త చూసి, వాళ్ళకి చదువులెందుకండీ, బయటికొచ్చి ఏం చేస్తారట అని మా పక్కింటావిడ మూతి తిప్పింది. నాతో వాదన పెట్టుకుని నెగ్గినవాళ్ళు తిరువూరులో ఇంకా పుట్టలేదు కానీ, ఆ పూట మాత్రం వాదన మాని మా అక్కనే తలుచుకుంటూ కూర్చున్నాను.

అక్కంటే గంపలగూడెంలో ఉండే మా పెదనాన్నగారి కూతురు. పొలం గట్టు దగ్గర కొట్లాటలో ఒక మనిషి ప్రాణం పోతే ఆమెకీ శిక్ష పడింది. నేను కాలేజీలో పాఠాలు చెప్పడం మొదలుపెట్టిన ఏడాదే, జైల్లో కుట్టుపని నేర్చుకుని, సర్టిఫికెట్టుతో విడుదలై వచ్చి, మా వీధిలో చిన్న గది తీసుకుని మిషను పెట్టింది. పని దొరికితే తన కాళ్ళ మీద నిలబడుతుంది, లేదంటే వదిన విసుర్ల మధ్య పుట్టింట్లో పడి ఉండాల్సిందే. నెల తిరిగినా ఒక్కరూ గుడ్డ ఇవ్వలేదు. మా అత్తగారైతే ఆ గుమ్మం తొక్కొద్దన్నారు. వద్దన్నది చేయడమే నాకు తెలిసిన పని కాబట్టి, కొత్త చీరలోని జాకెట్టు ముక్క పట్టుకుని ఆ సాయంత్రమే వెళ్ళాను.

కొలతకని ఆది జాకెట్టు ఇవ్వబోతే అక్కర్లేదంది. నన్ను ఎగాదిగా చూసి, "నీకు పెద్ద సైజే" అంది. జైల్లో ఖైదీల బట్టలు మూడే సైజుల్లో కుట్టేవారట, మనిషిని చూసి చెప్పేయడమే అలవాటట. తీరా కుట్టి ఇచ్చాక చూస్తే, అందులో నేనూ మా అత్తగారూ ఇద్దరం పట్టేటట్టున్నాం.

"ఇది జాకెట్టా, గోతామా? ఇలా కుడితే నీ దగ్గరికి ఎవరొస్తారక్కా?" అన్నాను. ఏడుస్తుందనుకున్నాను.

"తప్పు కుడితే విప్పి కుట్టమనేది మా టీచరమ్మ. ఆ పాతది ఇటివ్వు, తిట్లు తర్వాత" అని, నా ఆది జాకెట్టు కుట్లన్నీ ఒక్కొక్కటే విప్పి, ముక్కల్ని పేపరు మీద పరిచి, డాట్ల మడతలు ఎక్కడెక్కడ పడ్డాయో గీసుకుంది. మూడోసారికి అతికినట్టు కుదిరింది. నెమలి అనే ఊళ్ళో పెళ్ళికి అది వేసుకెళ్తే, మా అత్తగారు దారి పొడుగునా నా వీపు వంకే చూసి, ఇంటికి రాగానే తన ఆది జాకెట్టు బల్ల మీద పెట్టి, ఎవరి చేత కుట్టించాలో చెప్పకుండానే లోపలికి వెళ్ళిపోయారు. ఆవిడ వెనకే వీధంతా కదిలింది.

ఇప్పుడు నన్ను కూడా పది రోజులు ఆగమంటుంది అక్క. తన దగ్గర పని నేర్చుకునే ఆడపిల్లలు నువ్వెక్కడ నేర్చుకున్నావని అడిగితే, కత్తెర ఆపకుండానే జైల్లో అంటుంది. అవునా అని వాళ్ళు మళ్ళీ పనిలో పడిపోతారు. ఆ రోజుల్లో కాలేజీలో నా జాకెట్టు ఎవరు కుట్టారని అడిగితే, జైలు మాట దాచి, బెజవాడలో నేర్చుకున్న మా అక్క అని చెప్పేదాన్ని. ఊరందరి మీదా నోరేసుకుని పడే నాకు, ఆ పిల్లలకున్న పాటి ధైర్యం అప్పుడు లేకపోయింది.