పోగులు కత్తిరించిన లైబ్రరీ

మొన్న హుజూరాబాద్ దగ్గరి ఒక ఊళ్లో చుట్టాలింటికి పరామర్శకు పోయి, పొద్దున్నే బస్సు కోసం నిలబడితే ఎదురుగా పాల కేంద్రం కనిపించింది. క్యాన్లతో వచ్చినవాళ్లు వరుసగా పాలు పోస్తున్నారు, మిషను తూకం వేసి, వెన్న శాతం చూసి, చీటీ ఇస్తోంది, ఎవరూ దాని ముఖం కూడా చూడటం లేదు. నడిచే మిషను ముఖం ఎవరు చూస్తారు లెండి. నేను మాత్రం, ఒకప్పుడు మేము చేసిన మిషన్లు గుర్తొచ్చి, దాన్నే చూస్తూ బస్సు పోగొట్టుకున్నాను.

మన ఈడు వాళ్లకు చెప్పనక్కరలేదు, మా వైపు ఇంటికొకరు గల్ఫులో ఉన్న రోజులవి. మా అక్క భర్త, అంటే మా బావ, నేత కుటుంబంలో పుట్టి, మరమగ్గాల చప్పుడు మధ్యనే చదువుకుని, దుబాయిలో కొన్నేళ్లు పనిచేసి, ఇక చాలనుకుని తిరిగొచ్చి, కరీంనగర్‌లో ఇంటి పై గదిలోనే పాల మిషన్లు తయారుచేయడం మొదలుపెట్టాడు. కంప్యూటర్లు చదివి ఉద్యోగం దొరకక తిరుగుతున్న నన్ను పక్కన కూర్చోబెట్టుకున్నాడు. “గీ మిషన్లు నిలబడకుంటే మళ్ల దుబాయి పోవుడే బామ్మర్దీ” అని నవ్వుతూనే అనేవాడు గానీ, ఆ మాట విన్న ప్రతిసారీ అక్క ముఖం చిన్నబోయేది. ఆయన లేనప్పుడు నాతో మెల్లగా అనేది, “మీ బావను మళ్ల పోనియ్యకు తమ్మీ.”

మిషన్లు బాగానే నడిచేవి, కాకపోతే పొద్దెక్కేదాకానే. వరుసలో ఇంకా సగం మంది ఉండగానే బిగుసుకుపోయేవి, పాలు పట్టుకుని నిలబడ్డవాళ్లు మమ్మల్ని తిట్టని తిట్టు లేదు. రోగమేమిటో మాకు తెలుసు. ప్రోగ్రాము మెమరీ అడిగి తీసుకుంటోంది, పని అయ్యాక తిరిగి ఇవ్వడం లేదు. ఎక్కడ ఇవ్వడం లేదో పట్టి చూపే పనిముట్టు ఒకటి ఉండేది, ఊరికే దొరికేది కూడా. దాన్ని మా మిషనులో పెడితే మొదలవకముందే, నాకు కావలసిన ఫంక్షను కనబడటం లేదు అని ఒక వాక్యం చెప్పి ఆగిపోయేది. ఆడలేక మద్దెల ఓడన్నట్టు మేము ఆ పనిముట్టునే అనుమానించాం. పాతది తెచ్చాం, కొత్తది తెచ్చాం, విప్పి మళ్లీ కట్టాం. రోగి పక్కన ఉండగా వైద్యుడికి వైద్యం చేస్తూ కూర్చున్నామంటే ఎంత అలసట ఉంటుందో ఊహించండి, ఇప్పుడు తలచుకున్నా నాకు మెడలు లాగుతాయి. ఈలోగా పాల కేంద్రాల వాళ్లు ఒక్కొక్కరే మిషన్లను ఆటోల్లో వేసి వెనక్కి పంపేస్తున్నారు.

ఒకరోజు విసుగుతో అదే పనిముట్టును మామూలు కంప్యూటరులో నడిపితే చక్కగా నడిచింది. తేడా ఒక్కటే, మా మిషనులో ఉన్న సిస్టం లైబ్రరీ, అంటే ప్రోగ్రాములన్నీ పిలిచి వాడుకునే ఫంక్షన్ల మూట, బజారుది కాదు, చిన్న మిషనుకు సరిపోయేలా బావ స్వయంగా కట్టుకున్నది. కిందికి దిగి చూస్తే ఆయన అక్క కొత్త చీర అంచున వేలాడుతున్న పోగులను కత్తెరతో ఒకటొకటే తీస్తున్నాడు. ఎవరి ఒంటి మీద వదులు పోగు కనిపించినా ఆయన చెయ్యి ఊరుకునేది కాదు, మగ్గం మీంచి దిగిన బట్టను అలా శుభ్రం చేయకుండా, నేయించుకునే సేటుకు ఇవ్వడం వాళ్లింట్లో నామోషీ. చూస్తూ చూస్తూ నాకు సంగతి తట్టింది. లైబ్రరీలో ఉన్న ఫంక్షన్ల పేర్లన్నీ తీసేశావా బావా అని అడిగాను.

“తియ్యకుంట ఎట్లిస్త? పోగులు ఏలాడంగ బట్ట ఇస్తరా ఎవలన్న?” అన్నాడు, కొంచెం గర్వంగానే.

పేర్లు లేకపోయినా మిషనుకు నష్టం లేదు, కానీ ఆ పనిముట్టు లైబ్రరీలోని ఫంక్షన్లను పేరుతోనే వెతికి, వాటి పక్కన కాపలా కూర్చుంటుంది. పేరు దొరకకపోతే ఎక్కడ కూర్చోవాలి? లైబ్రరీని పేర్లతో సహా మళ్లీ కట్టాం. పనిముట్టు నడిచింది, దొంగను చూపించింది. చీటీ కొట్టిన ప్రతిసారీ రైతు పేరు కోసం తీసుకున్న కాస్త చోటును మేమే తిరిగి ఇవ్వడం లేదు. సరిచేయడానికి ఒక్క వరుస పట్టింది.

మరునాడు పాలకు బదులు నీళ్లు పోసి పొద్దున్నుంచి పరీక్ష చేశాం. పొద్దు వాలింది, మిషను ఆగలేదు. అక్క మెట్లెక్కి వచ్చి, నేలంతా పరుచుకున్న చీటీలను చూసి, చాలా రోజుల తరువాత నవ్వింది. బావ నవ్వలేదు. అప్పటికే కేంద్రాలన్నీ వేరే మిషన్లు పెట్టుకున్నాయి, ఆయన దుబాయి పంపే జగిత్యాల ఏజెంటుకు వస్తానని మాట ఇచ్చేశాడు, ఆ సంగతి మా ఇద్దరికీ అప్పుడే చెప్పాడు.

“నడుస్తున్నది గద, మరింక ఎందుకు పోవుడు?” అంది అక్క. ఆయన కిందికి వంగి నేల మీది చీటీలు ఏరడం మొదలుపెట్టాడు.

ఇప్పుడు పేర్లు లేని లైబ్రరీ ఎదురైనా చాలావరకు పనిముట్లే ఆ పేర్లను నెట్‌లో వెతికి తెచ్చుకుంటున్నాయి, దొరకకపోతే ఫలానాది చేయమని మంచి మాటల్లో చెబుతున్నాయి. మేము నెలకు పైగా తల పగలగొట్టుకున్న చిక్కు చాయి చల్లారేలోపు విడిపోతుంది. సంతోషించాలి, సంతోషిస్తున్నాను కూడా, కానీ ఆ సులువు కాస్త ముందుగా ఎందుకు రాలేదని ఎవరినో నిలదీయాలనిపిస్తుంది, ఎవరినో తెలియదు. బావ దుబాయి నుంచి పూర్తిగా వచ్చేసరికి తల నెరిసింది, షుగరు వచ్చింది, పిల్లలు పెద్దవాళ్లయ్యారు. ఇంట్లో ఏ డబ్బా ఎక్కడుందో ఆయనకు తెలియదు, ఆయనకు ఏ కూర ఇష్టమో అక్కకు గుర్తులేదు. ఈమధ్య వాళ్లింటికి పోయినప్పుడు మా ఇద్దరికీ చాయి పెడుతూ అక్క నన్ను అడగలేదు, నా చాయి సంగతి ఆమెకు తెలుసు. ఆయన వైపు తిరిగి, ఇంటికి వచ్చిన చుట్టాన్ని అడిగినట్టు, చక్కెర వేయనా వద్దా అని అడిగింది.